మబ్బు పట్టిన ఈస్టర్

ఎండాకాలపు మబ్బును నమ్మి చెడినవాళ్లు, నమ్మక చెడినవాళ్లు మా రేగొండ వైపు సమానంగానే ఉంటారు. పొద్దున పెనంలా కాలిన బండ మీద సాయంత్రానికి రాళ్లవాన పడుతుంది. ఒక్కోసారి ఆకాశమంతా నల్లబడి, ఉరిమి, మెరిసి, ఒక్క చుక్క రాల్చకుండా పోతుంది. అట్లాంటి ఆకాశం కింద, ఊరవతలి పరుపుబండ మీద మేము మిరపకాయలు ఎండబోసేవాళ్లం.

బండ నడుమ పటేలుది పెద్ద కల్లం. అంచుల్లో మావంటి వాళ్ల చిన్నచిన్న కల్లాలు. నాయిన పోయాక, మేము అవ్వా అని పిలిచే మా అమ్మ కొంత చేను కౌలుకు పట్టి మిరప వేసింది. మిగిలిన రోజుల్లో పటేలు చేలో కూలికి పోయేది. ఎవరు పెట్టారో తెలియని పద్ధతి ఒకటి మా ఊళ్లో ఉండేది. మబ్బు పడితే కూలివాళ్లంతా ముందు పటేలు కాయ కుప్పచేసి కప్పాలి. ఆ తర్వాతే ఎవరిది వాళ్లు చూసుకోవాలి. వానకు మాత్రం ఈ పద్ధతి సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, అందరి మీదా ఒకేసారి పడేది. నేను చెప్పబోయే ఏడాదికి ముందు వేసవిలో పటేలు కాయ ఎర్రగా మిగిలింది. మాది తడిసి, బూజు పట్టి తెల్లబడింది. అవ్వ ఒక్కో కాయనూ కొంగుతో తుడుస్తూ కూర్చుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈసారి కూడా కాయ పోతే కౌలు చేను కూడా పోతుంది.

డెబ్బైల చివర్లో వచ్చిన ఈస్టర్ అది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా మా వాడకట్టులో ఎవరూ కూలికి పోరు. ఆదివారం చర్చి నుంచి వచ్చిన అవ్వ కొత్తచీర కూడా మార్చకుండా కూర పొయ్యి మీద పెట్టింది. అంతలో పడమట మబ్బు లేచింది, గాలి దుమ్ము రేపింది. అవ్వ పొయ్యిలో కట్టెలు బయటికి లాగేసి, గోనెపట్టాలు నా నెత్తిన పెట్టి పరుగందుకుంది.

బండ ఎక్కేసరికి పటేలు జీతగాడు ఎదురొచ్చాడు.

“అక్కా, జర జల్ది రా. పటేలు పిలుస్తుండు. పెద్ద కుప్ప కప్పాలె.”

“ఇయ్యాల మా పండుగ. కూలికి రాం.”

“గిది కూలి గాదక్కా, మబ్బు!”

“మబ్బు నాకు సుత కనవడుతాంది. ముందుగాల నాది కప్పుకుంట. పటేలుకు గట్లనే చెప్పు.”

అతను మంచివాడే, భయపడ్డాడు. “రేపటి సంది పని ఉండదక్కా,” అన్నాడు మెల్లగా. ఆ మాట నిజమే అయింది. ఆ ఎండాకాలమంతా అవ్వా నేనూ అడవిలో బీడీలకు తునికాకు కోసి బతికాం.

అవ్వ కుచ్చిళ్లు నడుముకు దోపి, వంగి కాయ పోగుచేయసాగింది. తన కల్లం పక్కన నిలబడి పటేలు మా వైపే చూస్తున్నాడు. నాకు భయమేసింది. అయినా అవ్వ పక్కనే వంగాను. వాడకట్టు ఆడవాళ్లు బండ కింద కాసేపు ఆగారు, అటూ ఇటూ చూశారు, తర్వాత ఎవరి కాయల దగ్గరికి వాళ్లు నడిచారు. పటేలు కల్లంలోకి ఒక్కరూ పోలేదు. నాకు భయం పోయి గర్వం వచ్చింది.

పట్టాలు కప్పి, ఎగరకుండా రాళ్లు పెట్టాం. మా పని అయ్యేసరికి గాలి ఆగింది, మబ్బు విడిపోయింది. ఎండ మళ్లీ మొహాన కొట్టింది. పటేలు కాయ కప్పకుండానే పొడిగా ఉంది.

జీతగాడు మళ్లీ వచ్చాడు. “చూస్తివా అక్కా, రాని వానకు పటేలుతోని పంచాయితి వెట్టుకుంటివి. ఇప్పుడన్న పోయి తప్పయిందను.”

అవ్వ పట్టా తీసి, కాయను మళ్లీ ఎండకు పరుస్తూ తల కూడా ఎత్తలేదు.

“వాన రాలే. నేను సుత రాలే. గదే చెప్పు పో.”