అక్క బొటనవేలి కోసం చేసిన జాయ్‌స్టిక్

మొన్న పాత లాప్‌టాప్‌ను బెంజ్ సర్కిల్ దగ్గర దుకాణంలో ఇచ్చేద్దామని, ఇచ్చే ముందు అందులో ఏమున్నాయో చూసుకుంటుంటే ‘అక్క’ అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ కనిపించింది. తెరిస్తే బ్రౌజర్లో తెల్లటి పేజీ, మధ్యలో ఒక వలయం, వలయంలో నీలం బొత్తం. ఇక ఆ పూట దుకాణానికి వెళ్లలేకపోయాను.

అప్పట్లో నేను విజయవాడలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. మాది నేత కుటుంబం. అక్కను చల్లపల్లిలో నేతపని చేసే బావకే ఇచ్చారు. పెళ్లికి ముందు మా ఇంట్లో, తరువాత అత్తవారింట్లో ఆవిడ నూలు కండెలు చుట్టని రోజు లేదు. అలాంటి మనిషికి నరాల జబ్బు వచ్చి, ముందు కాళ్లు, తరువాత చేతులు పట్టు తప్పాయి. ఇది తగ్గేది కాదని డాక్టరు నాకూ బావకూ చెప్పారు. అక్కకు తెలియనివ్వకూడదని మేమిద్దరం అనుకున్నాం.

ముందు గదిలో మంచం మీద ఆవిడ, వెనక పాకలో మగ్గం. ఒక ఆదివారం నేను వెళ్లినప్పుడు, “మగ్గం చప్పుడు వినపడుద్దిరా, మీ బావ ఏం రంగు నేస్తన్నాడో మాత్రం కనపడి చావట్లేదు” అంది నవ్వుతూనే. ఆ నవ్వు తిరుగు బస్సులో కంకిపాడు దాటినా నన్ను వదల్లేదు.

అలా మొదలుపెట్టాను. నాలుగు చక్రాల చిన్న బండి, దాని మీద కెమెరా, అది చూపేది కనపడేందుకు అక్క ఫోనులో ఒక పేజీ. వలయంలోని బొత్తాన్ని బొటనవేలితో ఎటు జరిపితే బండి అటు వెళ్లాలి. వేలు కదిలిన ప్రతిసారీ ఆ సంగతి ఆలస్యం లేకుండా బండికి చేరాలని, ఫోనుకూ బండికీ మధ్య ఎప్పుడూ తెరిచే ఉండే దారిలా వెబ్‌సాకెట్ పెట్టాను.

మొదటి రోజే తప్పు జరిగింది. బండి పాకలోకి వెళ్లగానే వైఫై తెగి, చివర విన్న మాట ప్రకారం అది ముందుకే పోయి, మగ్గానికి చాచి ఉన్న పడుగు దారాల్లో చిక్కుకుని పోగులు తెంపేసింది. బావ సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్క పోగూ అతికాడు. ఫోను నుంచి కబురు ఆగితే బండీ ఆగిపోయేలా మార్చి, మరుసటి ఆదివారం భయపడుతూ తీసుకెళ్లాను. ఆ రోజు అక్క మగ్గాన్ని చూసింది. మామిడిపిందె రంగు చీర. “అంచు కాస్త ఎడంగా పడతందండీ” అని మంచం మీంచే కేకేసింది బావకు.

ఆ తరువాత నేను వెళ్లినప్పుడల్లా ఆ బొత్తం ఆవిడకు బరువవుతూ వచ్చింది. వలయం అంచుదాకా జరపలేకపోతే సగానికే బండి కదిలేలా, సగమూ కష్టమైతే గోరంత జరిగినా చాలేలా లెక్కలు మార్చేవాణ్ణి. బండికి కొత్త మోటారు వేశాననీ, అందుకే తేలిగ్గా తిరుగుతోందనీ అబద్ధం చెప్పేవాణ్ణి. “బానే చేశావురా” అనేది.

చివరికి వేలు ఆనించడమే మిగిలింది. తరువాత అదీ లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు బావ నన్ను బస్సెక్కించడానికి వచ్చి, ఎటో చూస్తూ అన్నాడు: “మీ అక్కకు మొదట్నుంచీ తెలుసయ్యా. ‘బండి బాగుపడట్లేదు, నా వేలే పోతంది. వాడికి చెప్పమాకండి, ఏదో బాగుచేశానని సంతోషంగా బస్సెక్కుతన్నాడు’ అనేది.”

ఇప్పుడు అలాంటి పేజీ ఒక పూటలో తయారవుతుంది. బావ నేత మానేశాడు, మగ్గం గుంట పూడ్చి పైన సిమెంటు చేయించాడు. నేనూ రిటైరయ్యాను. ఆవిడ నన్నూ, నేను ఆవిడనూ ఏమార్చుకుంటూ అన్ని ఆదివారాలు గడిపేశాం. ఒక్కసారైనా ఆ బండిని పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని, ఇద్దరం కలిసి ఏడ్చి ఉండవలసింది.