లేని కొమ్మ కింద అవినాష్

అమెరికాలో, మా కాపెల్ ఊళ్ళో, పక్కింటి అవినాష్ పెరట్లో, లేని చెట్టు మీద వంద పిట్టలు వాలతాయి. సరే, వంద కాదు, ఒకటి. అదీ వాలబోయి గాలిలో తడబడుతుంది. సోలార్ ప్యానెళ్ళకు ఎండ తగలాలని అతను పెకాన్ చెట్టును కొట్టించాడు. చెట్టు మీద ఉండే జీవాలను వెళ్ళిపొమ్మని ముందురోజే వేడుకోమని వాళ్ళమ్మ చెబితే, మీటింగుల్లో పడి మరిచిపోయాడు. ఇప్పటికీ గడ్డి కోసేటప్పుడు లేని మానును చుట్టి వెళతాడు, లేని కొమ్మ కింద తల వంచుతాడు. నిన్న సాయంత్రం పిట్ట రాగానే, ఒకప్పుడు కొమ్మ ఉన్న ఎత్తుకు చెయ్యి చాచాడు. అది వాలి, గూడు వెతుకుతూ మోచేతి దాకా నడిచింది. అరగంట చూసి, "దాన్ని ఎంతసేపు మోస్తావయ్యా?" అన్నాను కంచె మీంచి.

"ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజ్ అంకుల్, షోల్డర్ పెయిన్‌కి. పిట్టా లేదు, గిట్టా లేదు," అన్నాడు, చెయ్యి దించకుండానే.