ఆ చెయ్యి వాడికే దక్కింది

భుజ్‌లో లారీ దిగగానే మొదట తగిలింది చలి. జనవరి నెల. మా కంకిపాడులో ఎరగని చలి. భూకంపం వచ్చిన మర్నాడు అది. మా ఆర్మీ ఇంజనీర్ల దళానికి ఒక వీధి అప్పగించారు. ఇళ్ళన్నీ కూలి రోడ్డు మీదే పడున్నాయి. మనిషికో హెల్మెట్, టార్చి, గునపం, ముక్కుకి గుడ్డ. మీరు టీవీలో చూసింది శిథిలాలు మాత్రమే. వాసన టీవీలో రాదు.

మా పద్ధతి ఇది. శిథిలాల్లోకి ఒకడే పాక్కుంటూ పోవాలి. కాలికి తాడు. ఆ తాడు బయట జతగాడి చేతిలో ఉంటుంది. గంట కాగానే లాగేస్తారు, రెండోవాడు దూరతాడు. లోపల దుమ్ముకి స్పృహ తప్పినా తెలియదని సుబేదార్ సాబ్ పెట్టిన నియమం. నా జతగాడిది భవానీపురం. ఇద్దరం బెజవాడ వైపు వాళ్ళం కాబట్టి 'బావా' అని పిలుచుకునేవాళ్ళం.

రెండు రోజులు శవాలే. పక్క వీధి వాళ్ళకి ఒక పిల్ల ప్రాణాలతో దొరికిందని వైర్‌లెస్‌లో విన్నాం. సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం కుళ్ళు పుట్టింది. ఆ అదృష్టం మాకెందుకు లేదని అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఒక మేడ కింద నుంచి తట్టిన చప్పుడు వినిపించింది. మొదటి వంతు నాది. బోర్లా పడుకుని ఇటుకలు ఒక్కొక్కటే వెనక్కి తోశాను. గంట అవుతుందనగా అరచేయి పట్టేంత కంత పడింది. అందులోంచి ఒక ఆడమనిషి చెయ్యి బయటికొచ్చింది. ఒకే ఒక్క ఎర్ర గాజు. పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"చెయ్యి వదలకు భయ్యా," అంది హిందీలో.

"వదలనమ్మా," అన్నాను. ఆ నిమిషాన నా నోటికి హిందీ రాలేదు, తెలుగే వచ్చింది.

కాలికి తాడు బిగిసింది.

"బావా, ఇంకాసేపు ఆగు. మనిషి దొరికింది," అని అరిచాను.

"ఆర్డరు బావా. సాబ్ ఇక్కడే ఉన్నారు. నువ్వొచ్చెయ్, నేనెళ్తా."

లాగేశారు. వాడు దూరాడు. కంత పెద్దది చేసి ఆమెను బయటికి తెచ్చాడు. స్ట్రెచర్ మీద కూడా ఆమె వాడి చెయ్యి వదల్లేదు. అందరూ వాడి భుజం తట్టారు. నేనూ తట్టాను, కాస్త గట్టిగానే.

డ్యూటీ ముగిశాక సెలవు మీద ఇద్దరం బెజవాడ స్టేషన్లో దిగాం. గవర్నర్‌పేటలో టీ తాగి విడిపోయాం. రైల్లో దారంతా వాడు ఆమె గురించే చెప్పాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడిద్దరం రిటైరయ్యాం. ఏటా భుజ్ నుంచి వాడికి రాఖీ వస్తుంది. రాఖీ పండగ రోజుల్లో నేను భవానీపురం వైపే వెళ్ళను. ఈ ఏడు వాడే పట్టుబట్టి పిలిచాడు. వీడియో కాల్‌లో ఆమె. జుట్టు నెరిసింది.

"లోపల మీ భాషలో ఏదో అన్నావు భయ్యా. దానికి అర్థమేంటి?" అని వాణ్ణి అడిగింది.

వాడు ఫోను అరచేత్తో మూశాడు. "అది నువ్వే కదరా. ఏమన్నావు? ఇదిగో, నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది ఆ ఫోను కోసమే. చెయ్యి చాచాను కూడా.

"గుర్తులేదురా," అన్నాను.

వదలనని మాటిచ్చింది నేను. వదలనివాడు వాడు. తాడు నన్ను వెనక్కి లాగుతుంటే టార్చి వెలుగులో చూశాను. ఆ చెయ్యి కంతలోంచి ఇంకా ముందుకి వచ్చి, ఇటుకల మీద నా చెయ్యి కోసం తడుముకుంటోంది.