ఉన్నదున్నట్టు చెప్పిన సత్తార్

ఉట్నూర్ జీపుల అడ్డాలో సత్తార్‌ను ఎరగనివాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి అడవి ఊళ్లకు జీపు నడిపాడు. నొప్పులు పడే ఆడవాళ్లను వాగు దాటించి ఆస్పత్రికి చేర్చిన రోజులెన్నో.

పోయిన వానాకాలం ఒక పొద్దున స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. మూతి వంకరపోయింది. కుడి చేయి లేవలేదు. తోటి డ్రైవర్ అంతయ్య అది పక్షవాతమని పోల్చుకొని, సత్తార్ భార్య రుక్సానానూ ఎక్కించుకొని సీదా కరీంనగర్‌కు బండి తోలాడు.

అక్కడి ఆస్పత్రిలో తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, మెదడులో అడ్డం పడ్డ రక్తపు గడ్డను లాగేశారు. తర్వాత డాక్టర్ జ్యోతిరాణి వచ్చి రుక్సానా పక్కన కూర్చుంది.

"గడ్డ తీసినం. కానీ రక్తం మంచిగ పారినా మెదడుల వాపు మిగుల్తది. గా వాపు తగ్గిస్తే మనిషి ఇంకా మంచిగ కోలుకుంటడా అని ఒక మందును పరీక్ష చేస్తున్నం. కొందరికి మందు, కొందరికి ఉత్త సెలైన్. ఎవలకేదో మాకు గూడ తెల్వది. కొత్త మందు గదా, ఇబ్బందులు రావచ్చు, కనిపెట్టుకొని ఉంటం. ఇష్టమైతేనే చేరుండ్రి."

"ఉత్త సెలైనే వస్తే?" రుక్సానా అడిగింది.

"మామూలు వైద్యం అందరికీ ఒక్కతీరే చెల్లె. చేరకున్నా అది ఆగది."

మంచం మీది సత్తార్ అంతా వింటున్నాడు. మాట రావడం లేదు. ఎడమ చేత్తో భార్య మణికట్టు పట్టుకొని, సరేనన్నట్టు తలూపాడు.

మెల్లగా మాట వచ్చింది, నడకా వచ్చింది. కొన్ని నెలలకు మళ్లీ చూపించుకోవడానికి పోతే డాక్టరమ్మ అడిగింది, "సొంతంగ తయారైతుండా?"

"అన్నీ ఆయనే చేసుకుంటుండు మేడం," అంది రుక్సానా, ఆమెను సంతోషపెట్టాలని.

"లేదు మేడం," అన్నాడు సత్తార్. "అంగీ గుండీలు గీమెనే పెడ్తది. చెంచా జారుతది. నేను అబద్ధం చెప్తే, రేపు ఇంకొకలకు పనికిరాని మందు ఇస్తరు గదా?"

రుక్సానా తల దించుకుంది. జ్యోతిరాణి నవ్వింది. "గిట్ల చెప్పేటోళ్లే మాకు కావాలె, సత్తార్ భాయ్."

తిరుగు బస్సులో రుక్సానా మూతి ముడిచింది. "నా పరువు తీసినవ్."

"నువ్వు గుండీలు పెడ్తుంటే నాకేం పరేషాన్ లేదు," అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

తనకు అందింది మందో, ఉత్త సెలైనో సత్తార్‌కు ఇప్పటికీ తెలియదు. పరీక్ష ఇంకా నడుస్తోంది. జీపును అంతయ్య తమ్ముడికి అప్పగించి, తాను అడ్డాలో నిలబడి "జైనూర్, జైనూర్! జర జరుగుండ్రి!" అని జనాన్ని పిలుస్తాడు. మాట కొంచెం ముద్దగానే వస్తుంది గానీ, రోడ్డు అవతలి దాకా వినిపిస్తుంది.