వాటర్‌మన్ బాలశౌరి

పామర్రు దాటి కొంత దూరం వెళ్తే కాలవ గట్టు పక్కన ఒక పంచదార ఫ్యాక్టరీ ఉండేది. అందులో బాలశౌరి వాటర్‌మన్. అంటే నీళ్లు మోసేవాడు కాదు. బాయిలరులో నీళ్లు ఎంత ఉన్నాయో చూస్తూ, తగ్గితే వదిలి, ఎక్కువైతే కట్టేసే మనిషి.

బాయిలరు పైభాగంలో, మనిషికి రెండు నిలువుల ఎత్తున, ఒక గాజుగొట్టం బిగించి ఉంటుంది. లోపలి నీటిమట్టం అందులో కనిపిస్తుంది. మట్టం దిగితే చేతికింద ఉన్న ఇనుప చక్రం ఒక వైపు తిప్పాలి. పెరిగితే రెండో వైపు తిప్పాలి. పని అంతే. వింటే చిన్నపిల్లలైనా చేస్తారనిపిస్తుంది. కానీ చెరకు ఆడే నెలలన్నీ, డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా, కన్ను పక్కకు తిప్పకుండా అలా తలెత్తి చూస్తూనే ఉండాలి. నీళ్లు అడుగంటితే లోపలి గొట్టాలు ఎర్రగా కాలి పగులుతాయి. మరీ ఎక్కువైతే ఆవిరితో పాటు నీళ్లు పోయి ఇంజన్లు విరుగుతాయి. కొలిమిలో చెరకు పిప్పి మండుతుంటే ఆ వేడి కింది నుంచి కాళ్లకు, ఎదురుగా ముఖానికి తగులుతూ ఉండేది.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో పిప్పి ఎగదోసే కూలీగా చేరాడు బాలశౌరి. తరవాత వాటర్‌మన్ అయ్యాడు. యాభై దగ్గర పడేసరికి మెడ వెనక్కి వంగి అలాగే బిగుసుకుపోయింది. అన్నం ముందు కూర్చున్నా కళ్లు దూలం వైపే పోయేవి.

"కిందకి చూసి తినయ్యా, ముల్లు గుచ్చుకుంటది," అనేది భార్య అమలమ్మ, చేపల పులుసు పోస్తూ.

గుణదల తిరునాళ్లు చెరకు ఆడే రోజుల్లోనే వస్తాయి. పెళ్లయినప్పటి నుంచి ఆమె ప్రతి ఏడూ పేటలోని ఆడవాళ్లతో కలిసి కొండెక్కి, మరియమ్మకు కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. మొగుడితో కలిసి ఒక్కసారీ వెళ్లింది లేదు. ఆమె అడగడం కూడా మానేసింది.

డెబ్భై మూడులో మూడో నంబరు బాయిలరు గొట్టాలు పగిలాయి. అప్పుడు చక్రం దగ్గర ఉన్నది ఇంకో వాటర్‌మన్ అబ్రహాము. ఉదయం దిగిపోవలసినవాడు, బదిలీకి రావలసిన మనిషికి జ్వరం వచ్చి రాకపోవడంతో, వెంటనే రెండో డ్యూటీకి కూడా నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం ఆవిరి అతన్ని మింగేసింది. బాలశౌరీ, అక్కడే వాటర్‌మన్‌గా ఉన్న అమలమ్మ తమ్ముడు జీవరత్నమూ కలిసి అతన్ని వ్యానెక్కించారు. బెజవాడ పెద్దాసుపత్రిలో రెండోనాడు ప్రాణం పోయింది. అబ్రహాము డ్యూటీలో నిద్రపోయాడని ఫ్యాక్టరీ విచారణలో తేల్చారు. ఆ మాట ఊరంతా పాకింది. అతని భార్య హన్నా రేషన్ షాపు దగ్గర నిలబడితే వెనక నుంచి వినపడేది.

అప్పటి నుంచి బాలశౌరికి గాజుగొట్టం మీద నమ్మకం పోయింది. గొట్టంలో పాచి అడ్డుపడి మట్టం అబద్ధం చెబుతుందేమోనని మాటిమాటికీ మెట్లెక్కి, దాని కింది కుళాయి తిప్పి కడిగేవాడు. దిగేవాడు. మళ్లీ ఎక్కేవాడు. సీజను అయిపోయి చెరకు లేని రోజుల్లో కూడా, ఇంట్లో నులకమంచం మీద పడుకుని కళ్లు మూస్తే ఆ గాజుగొట్టంలో నీళ్లే ఊగేవి.

డెబ్భై అయిదు వానాకాలంలో, ఫ్యాక్టరీ మూసి మరమ్మతులు చేస్తున్న రోజుల్లో, బొంబాయి నుంచి పెద్ద పెద్ద చెక్కపెట్టెలు వచ్చాయి. వాటిలో సన్నటి రాగి గొట్టాల చుట్టలు, పైన టోపీ పెట్టుకున్నట్టుండే కొత్త రకం వాల్వులు, గడియారాల్లాంటి డయళ్లు బిగించిన బూడిదరంగు ఇనుప బీరువా ఒకటి ఉన్నాయి. దాన్ని ప్యానెల్ అన్నారు. బిగించడానికి రామకోటేశ్వరరావు అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. బెజవాడ వన్ టౌన్‌లో ఇనప సామాన్ల కొట్టువాళ్ల అబ్బాయి.

ఇక బాయిలరులో నీళ్లు గాలే చూసుకుంటుందన్నారు. మట్టం దిగితే రాగి గొట్టంలో గాలి ఒత్తిడి మారి, వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. నాలుగు బాయిలర్లకూ కలిపి, డ్యూటీకి ఒక్క మనిషి ఆ ప్యానెల్ ముందు కూర్చుంటే చాలు. మిగతా వాటర్‌మన్‌లను చెరకు యార్డుకు పంపుతారు.

యార్డు అంటే ఎండలో బండ్ల మీది చెరకు కట్టలు దించడం. వాటర్‌మన్‌లంతా షెడ్డు వెనక చేరి మాట్లాడుకున్నారు. ఎమర్జెన్సీ రోజులు. సమ్మె అనే మాట పైకి అనడానికి లేదు. కానీ నేర్చుకోమంటే మాకు రాదు అనడానికి ఎవరూ అడ్డుపడలేరు గదా. ఎవరూ నేర్చుకోకూడదని అనుకున్నారు. బాలశౌరి కూడా తలూపాడు.

నాలుగు రోజులకు చీఫ్ ఇంజనీరు సంజీవరావు గారు అతన్ని పిలిపించాడు.

"బాలశౌరీ, అందర్లోకీ పెద్దవాడివి నువ్వు. ముందు నువ్వు కూర్చుంటే మిగతావాళ్లు దారికొస్తారు. కాదంటే బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకుంటాను. ఆలోచించుకో."

ఆ సాయంత్రమే జీవరత్నం ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. పంచ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"పిలిచాడంట గదా బావా?"

"పిలిచాడు."

"ఏం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలా."

"చెప్పేదానికేముంది? నువ్వు కాదంటే ఆ బీరువా అట్టాగే పడుంటది. నువ్వు ఊఁ అన్నావా, మేమంతా ఎండలోకి పోతాం."

"బయటోళ్లని తెస్తానన్నాడ్రా."

"తెచ్చుకోమను. మనోడే వెన్నుపోటు పొడిచాడన్న మాట ఉండదు గదా."

బాలశౌరి అన్నాడు: "అబ్రహామును వ్యానెక్కించింది మనిద్దరమే గదరా రత్నం."

"ఎక్కించాం. ఆయన పోయింది ఈ బీరువా లేక కాదు, బదిలీ మనిషి లేక. మనుషుల్ని పెంచమని అడుగు. అది అడగవేం?"

రత్నం మాటలో అబద్ధమేమీ లేదు. బాలశౌరి మెడ రుద్దుకున్నాడు.

"అలిసిపోయాన్రా," అన్నాడు చివరికి. "ఇంక ఆ గాజుగొట్టం చూళ్లేను. నా వల్ల కాదు."

"అలిసిపోతే మానెయ్. నువ్వు కుర్చీ ఎక్కడానికి మమ్మల్ని తొక్కాలా?"

అమలమ్మ టీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి తమ్ముడు సైకిలెక్కి వెళ్లిపోతున్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. మొగుడి వైపు చూడలేదు.

మర్నాడు బాలశౌరి వెళ్లి సరే అన్నాడు.

అతనికి ఆ పని తొందరగా పట్టుబడలేదు. డయళ్ల మీది ఇంగ్లీషు అక్షరాలు చదవలేడు. ఒక ముల్లు చూసి ఇంకో ముల్లు అనుకునేవాడు. రామకోటేశ్వరరావు విసుక్కోకుండా ఒక్కో డయలు పక్కన ఒక్కో రంగు చుక్క పెట్టించాడు. అయినా చెప్పింది మళ్లీ చెప్పాల్సి వచ్చేది.

మొదటిసారి బాయిలరు వెలిగించి పరీక్షించిన రోజున సంజీవరావు గారు కూడా వచ్చి నిలబడ్డాడు. ప్యానెల్ మీద ముల్లు కిందికి జారింది. ఎవరూ ఏమీ అనకముందే బాలశౌరి ప్యానెల్ గదిలోంచి పరిగెత్తి పాత చక్రం పట్టుకుని తిప్పేశాడు. ముల్లు గబగబా పైకి పోయింది. పరీక్ష పాడైంది.

"చెయ్యి తియ్యండి బాలశౌరి గారూ," అన్నాడు రామకోటేశ్వరరావు. "దాన్ని చెయ్యనివ్వండి."

రెండోసారి అదే జరిగింది. మూడోసారి బాలశౌరి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ముల్లు జారింది. ఇంకా జారింది. అంతలో వాల్వు బుస్సుమంది. దాని కడ్డీ మెల్లగా పైకి లేచింది. నీళ్లు పోతున్న చప్పుడు వినపడింది. ముల్లు తిరిగి ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చి ఆగింది. ఎవరి చెయ్యీ పడలేదు.

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. బాలశౌరి ఇనుప మెట్ల మీద కూలబడ్డాడు.

కాసేపటికి రామకోటేశ్వరరావు వచ్చి పక్కన నిలబడితే అడిగాడు: "ఇది ఈ మధ్యే కనిపెట్టారా బాబూ?"

"ఇదా? లేదండి. ఇది పాతదే. ఇరవై ఏళ్ల పైనే అయ్యుంటుంది. మా కాలేజీ పుస్తకాల్లో కూడా పాత పాఠమే."

"ఇరవై ఏళ్లా!"

"పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో ఎప్పుడో పెట్టుకున్నారండి. మనకి ఇప్పటికి కుదిరింది."

ఇరవై ఏళ్ల కిందట బాలశౌరికి మెడ తిన్నగా ఉండేది. అబ్రహాముకు అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం వద్దని పడుకున్నాడు.

సీజను మొదలైంది. బాలశౌరి వెనకే దారికొచ్చిన ఇద్దరు మిగతా రెండు డ్యూటీలకు కూర్చున్నారు. ప్యానెల్ గదిలో కుర్చీ ఉంది, తల మీద ఫ్యాను ఉంది. కిటికీ అద్దంలోంచి యార్డు కనిపించేది. కట్టలు దించుతూ, తలకు తువ్వాలు చుట్టుకుని జీవరత్నం కనిపించేవాడు. ఎప్పుడూ ఇటు చూసేవాడు కాదు. గేటు దగ్గర ఎదురైతే సైకిలు దిగి పక్క సందులోకి నడిపించుకుపోయేవాడు. అమలమ్మ తమ్ముడికి ఇష్టమని కొర్రమీను వండి పంపితే గిన్నె మూత తియ్యకుండా తిరిగొచ్చింది. ఆమె దాన్ని వాకిట్లో కుక్కకు వేసి, ఆ రోజంతా మొగుడితో మాట్లాడలేదు.

సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం బాలశౌరి కుర్చీలో కూర్చుని ముళ్లు చూస్తున్నాడు. అవి కదలడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ పసుపుపచ్చగా మారి ఉంది.

గబుక్కున లేచి ముళ్ల వంక చూశాడు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ప్యానెల్‌లో తిరిగే కాగితం మీద మట్టం చూపించే సిరా గీత సాఫీగా నడిచింది. పిప్పి మండుతూనే ఉంది, గానుగలు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరూ పిలవలేదు. ఎంతసేపు పడుకున్నాడో అతనికే తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి డ్యూటీలో నిద్రపోయాడు. ఏమీ జరగలేదు.

ఏమీ జరగలేదన్నది తలుచుకునేకొద్దీ అతనికి అబ్రహామే గుర్తొచ్చాడు. ఆయనకూ ఇట్టాగే కన్నంటుకుని ఉంటుంది. అంతకుమించి ఏ తప్పూ చేసి ఉండడు.

డ్యూటీ దిగి నేరుగా సంజీవరావు గారి గదికి వెళ్లాడు.

"నిద్రపోయానండి," అన్నాడు.

ఆయన తలెత్తాడు. "ఏమిటి?"

"ప్యానెల్ ముందరండి. చాలాసేపే పోయానేమో. మిషను బాగుంది గనక సరిపోయింది. అది చెడితే గంట కొడుతుందన్నారు. నా నిద్రకి ఆ గంట వినపడుద్దో లేదో తెలవదండి. రెండో మనిషిని పెట్టండి. బదిలీకి నలుగురు ఉండాలండి. ఆ రోజున అబ్రహాముకూ లేకపోయారు."

సంజీవరావు గారి ముఖం ఎర్రబడింది. "నిన్ను నమ్మి కూర్చోబెడితే వచ్చి నాకే చెబుతున్నావా?" అని కేకలేశాడు. వారం రోజులు డ్యూటీకి రావద్దన్నాడు. బాలశౌరి దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఆ వారంలో మొదటి రెండు రోజులూ నిద్రలోనే గడిచాయి. మూడోనాడు హన్నా ఇంటికి వెళ్లాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. పీట వేసింది.

"అమ్మా హన్నా, మొన్న నేనూ డ్యూటీలో నిద్రపోయాను. అబ్రహాము తప్పేం లేదమ్మా. ఆ మాట నీకు చెబుదామని వచ్చాను. ఊళ్లో కూడా చెప్తాను."

హన్నా చెరగడం ఆపలేదు. "ఆయన నిద్రపోలేదని నేనెప్పుడూ అనుకోలేదన్నయ్యా. రేయింబవళ్లు నిలబడ్డ మనిషి నిద్రపోడా మరి? దానికి చచ్చిపోవాలా?" అంది.

బాలశౌరి తల దించుకుందామనుకున్నాడు. మెడ ఆట్టే వంగలేదు. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చాడు.

వారం తరవాత అతన్ని మళ్లీ కూర్చోబెట్టారు. ఆ వారం మిగతా ఇద్దరే అన్ని డ్యూటీలూ పంచుకోవాల్సి వచ్చింది, వేరే మనిషి లేడు గనక. ఆ సీజను అలాగే లాక్కొచ్చారు. మళ్లీ వానాకాలంలో సంజీవరావు గారు, ఎవరికీ ఏమీ చెప్పకుండానే, యార్డు నుంచి నలుగురు పాత వాటర్‌మన్‌లను ప్యానెల్ పని నేర్చుకోవడానికి పిలిపించాడు. అందరికీ చోటు దొరకలేదు. మిగతావాళ్లు చెరకు కట్టల దగ్గరే ఉండిపోయారు. వాళ్లలో ఇద్దరు ఆ తరవాత కూడా బాలశౌరితో మాట్లాడలేదు.

పిలిచిన నలుగురిలో జీవరత్నం ఉన్నాడు. మొదటిరోజు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. యార్డు ఎండకు ముఖం నల్లబడి, చేతులు చెరకాకు కోతలతో గీసుకుపోయి ఉన్నాయి. బాలశౌరి రంగు చుక్కలు చూపిస్తూ ఒక్కోటీ చెప్పాడు. చెప్పినంతసేపూ జీవరత్నం ముళ్ల వంకే చూశాడు. అడగవలసినవి మాత్రం అడిగాడు.

"గాలి మిషను ఆగిపోతే?"

"గంట కొడుద్ది. అప్పుడు పోయి పాత చక్రం పట్టుకోవాలి."

"నాలుగూ ఒక్కసారే?"

"అందుకే ఇద్దరం."

జీవరత్నం వారంలోనే నేర్చుకున్నాడు. బాలశౌరికి నెలలు పట్టిన పని. ఇద్దరూ ఆ ఏడు చాలా డ్యూటీలు కలిసి చేశారు. ఇంటి సంగతులు మాత్రం ఎత్తేవాళ్లు కాదు. అమలమ్మ ఇద్దరికీ సరిపడా క్యారేజీ సర్ది పంపడం మొదలుపెట్టింది. మొదట్లో జీవరత్నం తన డబ్బా తనే తెచ్చుకునేవాడు. ఎప్పుడు మానేశాడో ఎవరూ గమనించలేదు.

జనవరి చివర్లో ఒకరోజు భోజనాలయ్యాక, బాలశౌరి కళ్లు మూతలు పడుతుంటే చూసి జీవరత్నం కుర్చీ దగ్గరికి జరిగాడు.

"లే బావా. ఆ బెంచీ మీద కాసేపు ఒరుగు. నేను చూస్తాలే."

బాలశౌరి మారుమాట్లాడకుండా లేచి, తువ్వాలు చుట్టి తలకింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.