సాంచాలు వచ్చిన ఏడాది మా మామ పాము

చెన్నూరు నుంచి నన్ను మానేరు ఒడ్డున ఉన్న ఈ నేతపని ఊరికి కోడలిగా పంపేటప్పుడు, అత్తగారింట్లో ఉండేది ఇద్దరేనని మావాళ్లు చెప్పారు. మా ఆయన, మా మామ. అత్త మా పెళ్లికి ముందే పోయింది. మూడో ప్రాణి సంగతి ఎవరూ చెప్పలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున మామకు చాయ్ ఇద్దామని వెనక గదిలోకి పోయాను. ఆయన గుంటమగ్గంలో కాళ్లు కిందికి దించి కూచుని తువ్వాల నేస్తున్నాడు. గుంటలోకి చూద్దును కదా, ఆయన కాలి పక్కన, పాదానికి ఆనుకుని, ఒక పొడుగాటి జెర్రిపోతు చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. చాయ్ గ్లాసు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

మామ పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఆపలేదు. “భయపడకు బిడ్డా, గది ఏమనది. ఎలుకల కోసం పెట్టుకున్న” అన్నాడు.

నూలుకు గంజి పెడతాం కదా, ఆ వాసనకు ఎలుకలు వస్తాయి. మగ్గం మీదున్న పడుగును ఒక్క ఎలుక కొరికిందంటే తెగిన పోగులన్నీ అతికేసరికి పూటంతా పోతుంది. పెరట్లో కట్టెల కింద మూరెడు కూడా లేని పాముపిల్ల కనిపిస్తే, అత్త కర్ర తీసిందట. మామ అడ్డం పోయి దాన్ని కుండలో వేసుకుని సాకాడు. నేను వచ్చేనాటికి అది మామ కంటే పొడుగు. వానాకాలంలో ఆయన దానికి కప్పలు పట్టుకొచ్చేవాడు. మిగతా రోజుల్లో దాని తిండి అదే చూసుకునేది. మగ్గం ఆడుతున్నంతసేపూ గుంటలో చల్లగా పడుకునేది. సాయంత్రం ఆయన అరుగు మీద కూచుంటే, మోచేతి మీదుగా పాకి భుజం దాటి వీపు మీదికి దిగేది. ఆయన కదలకుండా కూచునేవాడు.

నేను దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. కానీ ఏడాది తిరిగేసరికి, గది ఊడ్చేటప్పుడు “జర పక్కకు జరుగు” అని దాన్ని కసిరేదాకా వచ్చాను. అది జరిగేది కూడా. చీపురు కదలికకే జరిగేదేమో, నా మాటకే జరిగిందని నేను అనుకునేదాన్ని.

మా వాడకు కరెంటు వచ్చింది. దాని వెనకే సాంచాలు వచ్చాయి. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఒక సేటు తన సాంచాలు రెండు మా ముందు గదిలో పెట్టించాడు. వాటిని నడిపే పని మా ఆయనది. నేలను తవ్వి, సిమెంటు పోసి, ఇనుప బోల్టులతో బిగించారు. మొదటి రోజు మీట వేసినప్పుడు వాడవాడంతా చూడటానికి వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మామూలు గొంతుతో ఎవరూ మాట్లాడుకోలేదు. అన్నం తినడానికి రమ్మన్నా అరిచే చెప్పాలి. పది పన్నెండు రోజులకు మాకు అది అలవాటైపోయింది. చప్పుడు ఉన్నదన్న సంగతే మరిచిపోయాం. మామ మాత్రం వెనక గదిలో తన గుంటమగ్గం మీద తువ్వాలలు నేసుకుంటూనే ఉన్నాడు.

అప్పుడు నాకు నాలుగో నెల.

ఒక మధ్యాహ్నం మామ మగ్గం మీంచి లేచి, ఎప్పటిలాగే పామును ఎత్తుకుందామని గుంటలోకి చేయి చాపాడు. అది మెడ ఉబ్బించి, కుక్క గుర్రుమన్నట్లు ఒక చప్పుడు చేసింది. పాము అట్లా గుర్రుమంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మామ నవ్వి “ఏమైందే నీకు?” అంటుండగానే ఎగిరి ఆయన మణికట్టు పట్టుకుంది.

వదిలాక చూస్తే చిన్నచిన్న రక్తపు చుక్కలు, వంపుగా, కుట్టుమిషన్ మీద కుట్టినట్లు. విషం లేదని ఆయనకు తెలుసు. నేను పసుపు తెచ్చి పెడుతుంటే, ఆయన గాయాన్ని చూడటం లేదు, గుంటలోకే చూస్తున్నాడు.

“నా చేతికి ఏమన్న వాసన అంటిందేమో బిడ్డా. లేకుంటే నన్ను కరుస్తదా?”

శీకాయతో చేతులు రుద్దుకుని మరునాడు మళ్లీ చాపాడు. మళ్లీ కరిచింది. ఆ వారమే దాని కళ్లు మారాయి. నల్లగా మెరిసే కళ్లు పాలు కలిపిన నీళ్లలా అయిపోయాయి.

పక్కింటి పెద్దవ్వ చూసి నోటి మీద చేయి వేసుకుంది. కడుపుతో ఉన్న ఆడది చూస్తే పాముకు కళ్లు పోతాయని మా దగ్గర నమ్మకం. ఆమె నా పొట్ట వంక చూసి మామతో అంది, “ఇంక సమజ్ కాలేదా నీకు? కోడలి చూపు తాకింది దానికి. కళ్లు కనవడక కరుస్తుంది. పిల్లను గా గదిలకు రానియ్యకు.”

నేను మామ ముఖం వంక చూశాను, కాదంటాడేమోనని. ఆయన తల వంచుకుని గాయాల మీది పసుపు గోకుతున్నాడు. ఆ రోజు నుంచి నేను వెనక గది గడప దాటలేదు. అన్నం గడప దగ్గర పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, “మామా, బువ్వ” అని అరిచి వచ్చేదాన్ని. నా కళ్లను నేనేం చేసుకోవాలో నాకు తెలియలేదు. మా ఆయనతో చెప్పుకుంటే “ముసలామె మాటలకు ఫికర్ జేస్తవా?” అన్నాడు గాని, గదిలోకి పొమ్మని ఆయన కూడా అనలేదు.

కొన్ని రోజులకు ఆ పాలతనం పోయింది. ఆ వెంటనే పాము కుబుసం విడిచింది. మామ ఆ కుబుసాన్ని రెండు చేతుల మీద పరిచి గడప దాకా తెచ్చి నాకు చూపించాడు. కళ్ల దగ్గర పొర కూడా దానితోనే వచ్చింది.

“గిదే బిడ్డా సంగతి. కుబుసం ఇడిసే ముందు కండ్లు మసకవడతయి, చిరాకు జేస్తది. ఏటేటా చూసేటోన్నే, యాదికి రాలే నాకు. నీదేం లేదు, లోపలికి రా.”

నేను లోపలికి పోయాను. కొత్త చర్మంతో అది తళతళలాడుతూ ఉంది. ఇద్దరమూ గుంట పక్కన నిలబడి నవ్వుకున్నాం. ఆయన చేయి చాపాడు. అది మెడ ఉబ్బించింది. ఈసారి బొటనవేలు పట్టుకుంది.

ఆ తరువాత ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. పాములాడించే అతను వాడలోకి వస్తే మామ పిలిచి చూపించాడు. అతను దూరం నుంచే చూసి “కోరలు పీకియ్యనా?” అన్నాడు. “దీనికి కోరలెక్కడివి? ఉన్న పండ్లు పీకితే ఏం తిని బతుకుతది?” అని మామ అతన్ని పంపేశాడు. జోడు కోసమేమోనని ఒకరన్నారు. అత్త ఆత్మ పట్టిందేమోనని ఒకరన్నారు. ఎవరు ఏది చెప్పినా మామ కాసేపు దాన్ని నమ్మేవాడు. నమ్మడానికి ఏదో ఒకటి కావాలి కదా. పాము తినడం తగ్గించింది. గది మూలలో నిలువు గోడకు మూతి రుద్దీ రుద్దీ పైపెదవి దగ్గర పుండు చేసుకుంది. మేము ఎలుకలకు భయపడుతున్నామో, పాముకు భయపడుతున్నామో మాకే తెలియకుండా పోయింది.

ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం పెద్ద గాలిదుమారం వచ్చి కరెంటు స్తంభాలు పడిపోయాయి. సాంచాలు ఆగాయి. మా ఆయన చేసే పని లేక, గడ్డం గీయించుకుని ఊరంతా తిరిగొచ్చాడు. మరునాడు మామ గుంటమగ్గం మీద కూచుంటే, పాము మూలలోంచి వచ్చి ఎప్పటిలా ఆయన పాదం పక్కన చుట్టుకుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను పిలవలేదు, చేత్తో సైగ చేశాడు. మాట్లాడితే లేచిపోతుందేమోనన్నట్లు.

కరెంటు రాలేదు. పాము మామ మోచేతి మీద పాకింది. నేను భారంగా ఉండి, ఆ చల్లటి గదిలోనే నేల మీద చాప వేసుకుని పడుకున్నాను. తీగలు బాగు చేసినట్లున్నారు, మధ్యాహ్నం ఉన్నట్టుండి ముందు గదిలో సాంచాలు మొదలయ్యాయి. పడుకుని ఉన్నాను కాబట్టి తెలిసింది. చప్పుడు కాదు. నేల. నా పక్కటెముకల కింద నేల సన్నగా వణుకుతున్నది, లారీ మీద పడుకున్నట్లు. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. తల తిప్పి చూస్తే గుంటలో పాము లేచి, మెడ ఉబ్బించి, ఎటు కాటు వేయాలో తెలియక గాలిలో తల ఊపుతున్నది.

“మామా, మీ చెయ్యి నేల మీద పెట్టుండ్రి” అన్నాను.

ఆయన పాముకు అందకుండా గుంట అడుగున ఒక పక్కన అరచేయి ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉంచాడు. గుంట ఇంకా కిందికి కదా, అక్కడ ఇంకా ఎక్కువ తెలిసి ఉంటుంది.

“పొద్దంత దీని ఒళ్లంత గిట్లనే వణుకుతుందా బిడ్డా?” అన్నాడు.

పాముకు మనలాగా చెవులు ఉండవని, నేల అదురును ఒంటితోనే పసిగడుతుందని చాలా ఏళ్ల తరువాత చదువుకున్నవాళ్లు చెప్పగా విన్నాను. ఆ రోజు మాకు అదంతా తెలియదు. దానికి దిక్కు తెలియని భయం పట్టిందని, ఆ భయంలో దగ్గరికి వచ్చిన ప్రతి చెయ్యీ దానికి శత్రువుగా కనిపిస్తున్నదని మాత్రం అర్థమైంది. కారణం దొరికింది కాబట్టి ఇక దారి దొరుకుతుందని నేను అనుకున్నాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన సాంచాల మధ్య నిలబడి, చేతిలో నూలు చుట్టిన కండె పట్టుకుని విన్నాడు.

“బందు జెయ్యమంటవా? బందు జేస్తే తినేది ఏంది? ఇగ బిడ్డ వస్తది” అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు, నా దగ్గర జవాబు ఉంటే చెప్పమన్నట్లు.

అయినా ఆయన చేయగలిగింది చేశాడు. రోజూ మధ్యాహ్నం కాసేపు సాంచాలు ఆపేవాడు, వాళ్ల బాపు ఆ పామును చూసుకోవాలని. ఆ కాసేపట్లో అది తల దాచుకుని పడుకునేది, ఎలుకను ముందు వదిలినా చూసేది కాదు. మామ పెద్ద గోలెంలో ఇసుక పోసి, కింద గోనెసంచులు పరిచి అందులో పెట్టాడు. గంపలో పెట్టి దూలానికి వేలాడదీశాడు. దూలం కూడా వణికేది. పెరట్లో వదిలితే పక్కింటివాళ్లు కర్రలు పట్టుకున్నారు. సాంచాలు లేని ఇంట్లో ఉన్న చుట్టాలను అడిగాడు, దీన్ని కొన్నాళ్లు ఉంచుకుంటారా అని. వాళ్లు ఆయనకు మతి తప్పిందనుకున్నారు. చేతి మీద కాట్లు మాత్రం పెరిగాయి. ఆయన వాటిని దాచుకునేవాడు.

ఒక పొద్దున ఆయనే అన్నాడు, “ఇడిసిపెట్టొస్త.”

మా ఆయన సైకిల్ తొక్కాడు. మామ వెనక కూచుని గోనెసంచి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఏడో నెల దాటింది, నన్ను రానివ్వలేదు. తిరిగొచ్చాక మా ఆయన చెప్పాడు:

“మానేరు పైకి, తుంగ గడ్డి ఉన్నకాడికి తీసుకపోయినం. బాపు సంచి మూతి ఇప్పి కింద కూసున్నడు. చానసేపటికి బయటికొచ్చింది. బాపు చెయ్యి చాపిండు. నేను వద్దంటనే ఉన్న. అది కరవలే. పాత తీరుగనే మోచెయ్యి మీదికెళ్లి పోయి, కిందికి దిగి, ఆయన కాలి కాడ పండుకున్నది. పోదు. ఆయన లేవడు. ఆఖరుకు నేనే చెయ్యివట్టి లేపుకొచ్చిన.”

మామ ఆ పూట అన్నం తినలేదు. అది కరిచి పోయి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేదని నాకు అనిపించింది.

మరునాటి నుంచి ఆయన రోజూ పొద్దున నడిచి తుంగ దాకా పోయి వచ్చేవాడు. కనబడిందా అని నేను అడగడం, ఆయన తల అడ్డంగా తిప్పడం. కొన్నాళ్లకు, అటువైపు పొలాల్లో కూలీలు ఒక పెద్ద జెర్రిపోతును కొట్టి చంపారని మా వాడలో చెప్పుకున్నారు. మనిషిని చూసినా పారిపోలేదట, దగ్గరికే వచ్చిందట, అందుకే కొట్టారట.

మామ చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చాడు. నేను నీళ్ల చెంబు ఇచ్చాను. తాగకుండా పట్టుకుని కూచున్నాడు.

“మూతి మీద పుండు ఉన్నదా అని చూద్దామనుకున్న బిడ్డా. తలకాయనే లేదు. నుజ్జు నుజ్జు జేసిండ్రు. మనదో కాదో నాకు ఆనవాలు దొరకలే.”

ముందు గదిలో సాంచాలు ఆడుతున్నాయి. ఆయన ఇంకేదో అన్నాడు, నాకు వినబడలేదు.

మరునాడు కూడా ఆయన తుంగ దగ్గరికి పోయాడు. చచ్చింది వేరేదేమోనని. మానేరుకు వాననీళ్లు వచ్చి ఆ దారి మునిగేదాకా పోతూనే ఉన్నాడు. ఆ వానల్లోనే మా బిడ్డ పుట్టింది.