తల్లీ కొడుకుల మధ్య తర్జుమా

దయ్యాలు, ఆత్మలు, పోయినవాళ్ళు కబురు పంపడం లాంటివాటి మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. మాది జవహర్‌నగర్. డంపింగ్ యార్డు గాలి మా కాలనీ మీదికి తిరిగిన రోజు ఎంతటి దయ్యమైనా ముక్కు మూసుకుని యాప్రాల్ వైపు పరుగెత్తాల్సిందే అని మా చిన్నాయిన అంటుంటాడు. నేనూ ఆ మాటకు నవ్వేదాన్నే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివాక ఎవరేమనుకున్నా నాకు పట్టింపు లేదు.

నేను యూనివర్సిటీలో అరబిక్ ఎం.ఏ. చదువుతున్నాను. చర్చికి పోయే ఇంటి పిల్లకు అరబిక్ ఎందుకని అడగనివాళ్ళు లేరు. పాస్టరుగారు కూడా ఒకసారి మొహమాటపడుతూనే అడిగారు. మా క్లాసులో చాలామంది చిన్నప్పుడే మదర్సాలో చదివి వచ్చినవాళ్ళు. వాళ్ళు నిద్రలో లేపినా అప్పజెప్పే పాఠంతో నేను వారం రోజులు కుస్తీ పట్టేదాన్ని. అయినా మానలేదు. కారణం ఒక ఫోన్ కాల్.

నేను చిన్న క్లాసుల్లో ఉండగా నాయిన సౌదీ వెళ్ళాడు. డ్రైవర్ పని అని చెప్పి తీసుకెళ్ళిన ఏజెంటు, ఊళ్ళకు దూరంగా ఎడారిలో గొర్రెల మంద దగ్గర పెట్టించాడు. నాయిన అక్కణ్ణుంచే ఫోన్ చేసేవాడు. నేను ఇంటర్‌లో ఉండగా ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఏజెంటును అడిగితే, పని వదిలి పారిపోయాడు పొమ్మన్నాడు.

చిన్నాయిన శామీర్‌పేటలో ఆటో నడుపుతాడు. ఆయనే ఎవరెవర్నో పట్టుకుని ఆ మంద యజమాని నంబరు సంపాదించాడు. మా ఇంట్లోనే కూర్చుని ఫోన్ చేశాడు. అవతల ఒక పెద్దమనిషి ఎత్తాడు. కోపం లేదు, విసుగు లేదు. మెల్లగా, చాలాసేపు అరబిక్‌లో ఏదో చెప్పాడు. చిన్నాయిన "అచ్ఛా, అచ్ఛా" అంటూ విన్నాడు. అమ్మా నేనూ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాం.

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది. "ఏమన్నడు?"

"ఏమో వదినా, ఒక్క ముక్క సమజ్ కాలె" అన్నాడు చిన్నాయిన.

మర్నాడు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయనను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చేస్తే అవతల ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆ నంబరే లేకుండా పోయింది. ఆ మనిషి ఏం చెప్పాడో మాకు ఈ రోజుకీ తెలియదు. ఇంకెప్పుడూ అలా జరగకూడదనే నేను డిగ్రీ నుంచే అరబిక్‌లో చేరాను. భాష వచ్చేసరికి అడగడానికి అవతల ఎవరూ లేరు. అయినా దొరికిన నంబరుకల్లా ఫోన్ చేసి, ఈ పేరు గల మనిషి మీ దగ్గర పనిచేస్తున్నాడా అని అడుగుతూనే ఉన్నాను.

ఇంట్లో దీని మీద తెగని పేచీ ఉంది. అన్న లేడనుకుని పాస్టరుగారిని పిలిచి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందాం, ఎన్నాళ్ళిలా అంటాడు చిన్నాయిన. అమ్మ ఒప్పుకోదు. అమ్మ మా దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. అంతమందికి వండి వచ్చి కూడా ఈ మాటకు మాత్రం ఓపిక తెచ్చుకుంటుంది. "మనిషిని సూడలె, మట్టిని సూడలె. ఏం జూసి కూడిక వెట్టాలె?" అంటుంది. నేను ఎటూ మాట్లాడను. ఏళ్ళు గడిచేకొద్దీ నాకు ఏమీ అనిపించడం మానేసింది. ఏడుపొస్తే బాగుండునని కూర్చున్న రోజులున్నాయి, రాలేదు.

ప్రాచీన కవిత్వం పాఠంలో ఒక ఆచారం గురించి చెప్పారు. పాత అరబ్బు కవి కావ్యం మొదలుపెట్టగానే, తనవాళ్ళు డేరాలెత్తి వెళ్ళిపోయిన చోట ఒంటె దిగి, మిగిలిన రాళ్ళనూ బూడిదనూ అడుగుతాడట, నావాళ్ళు ఎటు పోయారని. రాళ్ళు పలకవు. పలకవని కవికీ తెలుసు. అయినా అడగడం మర్యాద అన్నారు మా ప్రొఫెసర్. క్లాసంతా నోట్సు రాసుకుంటోంది. మా ఇంట్లో ఆ పని ఫోనుతో చేస్తున్నామని మాత్రం నాకనిపించింది.

ఎం.ఏ.లో చేరాక మేడ్చల్ రోడ్డులోని ఒక పెద్ద ఆస్పత్రిలో పార్ట్ టైమ్ పని దొరికింది. ఒమన్ నుంచీ యెమెన్ నుంచీ వచ్చే రోగులకూ డాక్టర్లకూ మధ్య మాటలు తర్జుమా చేసి చెప్పాలి. మొదట్లో రోగులు నా అరబిక్ విని నవ్వేవాళ్ళు. మనూళ్ళో ఎవరైనా వచ్చి "నొప్పి ఎచ్చట కలుగుచున్నది?" అని అడిగితే ఎలా ఉంటుందో, నా పుస్తకాల భాష వాళ్ళకు అలా ఉండేది. కొన్ని నెలలకు వాళ్ళ యాస పట్టుబడింది.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. రోగి "నాకు నొప్పి" అంటే, "ఆమెకు నొప్పట" అనకూడదు. నువ్వు కూడా "నాకు నొప్పి" అనాలి. నాకు పని నేర్పిన సీనియర్, నువ్వొక పైపు అనుకో, ఈ చివర పోసింది ఆ చివర పడాలి అనేవాడు. అలవాటయ్యాక ఏ భాష వింటున్నామో కూడా పట్టించుకోం. చెవిలో పడ్డ మాట దానంతటదే రెండో భాషలో నోట్లోంచి వచ్చేస్తుంది. ఏమీ అనిపించని మనిషికి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉండదు.

ఆ మధ్యాహ్నం నన్ను ఒక ముసలామె గదికి పిలిచారు. ఒమన్‌లో కొండల మధ్య ఒక చిన్న ఊరు ఆమెది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది, మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. ఒక పక్కన ఆమె కొడుకు కూర్చున్నాడు, నడివయసు మనిషి. రెండో పక్కన స్వప్న అనే నర్సు సెలైన్ చూస్తోంది. స్వప్నది శామీర్‌పేట. భోజనాల వేళ కావడంతో కారిడార్‌లో ట్రాలీల చప్పుడు. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది.

తెలివి ఎలా ఉందో చూడమని డాక్టర్ చెప్పి వెళ్ళాడు. పేరేమిటని అడిగాను. ఆమె అరబిక్‌లో సరిగ్గానే చెప్పి కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళిపోదామని లేచాను.

అప్పుడు ఆమె కళ్ళు తెరిచింది. మా ఎవరి వైపూ చూడకుండా పైకి చూస్తూ, "సలి వెడ్తాంది" అంది. స్వప్న వెంటనే దుప్పటి పైకి లాగింది. నేను కొడుకు వైపు తిరిగి "నాకు చలిగా ఉంది" అని అరబిక్‌లో చెప్పాను.

"పండుకున్నకాడికెల్లి లేవొస్తలేదు. మస్తు దినాలాయె. ఇగ నా కోసం సూడకుండ్రి" అంది ముసలామె.

అదీ కొడుక్కు చెప్పాను. పడుకున్న చోటి నుంచి లేవలేకపోతున్నాను, చాలా రోజులైంది, ఇక నా కోసం చూడకండి. అతని మొహం పాలిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని ఆమె మీదికి వంగి గబగబా ఏదో చెప్పాడు. అతను ఆపగానే నేను ముసలామెకు చెప్పాను. "అట్లనకు. మేమందరం ఉన్నం. నిన్ను ఈడ ఇడిసిపెట్టం. ఇంటికి తీస్కపోతం."

ఆమె శ్రద్ధగా విన్నది. నుదుటి మీది ముడత విడిపోయింది. "సరే మరి, ఉంట. కార్డు అయిపోతాంది" అంది. కళ్ళు మూసుకుంది.

కార్డు అయిపోతోంది అని నేను కొడుక్కు చెప్పాను. అతను కళ్ళు తుడుచుకుంటూ "ఏ కార్డు?" అని అడిగాడు. జేబులోంచి ఆస్పత్రి కార్డు తీసి నాకు చూపించాడు.

ఆ కార్డు చూస్తుంటే నాకు తట్టింది. ఈయన కొడుకు, ఆమె తల్లి. ఇద్దరిదీ ఒకటే భాష. మరి వీళ్ళ మధ్య నేనెందుకు తర్జుమా చేస్తున్నాను?

నాయిన ఉన్నచోట షాపులు లేవు. నెలకోసారి సరుకుల బండి తెచ్చే రీఛార్జి కార్డుతోనే మాట్లాడేవాడు. ప్రతిసారీ ఫోన్ పెట్టే ముందు ఆయన అనేది ఆ మాటే. సరే మరి, ఉంట, కార్డు అయిపోతాంది. డబ్బులు మిగిలి ఉన్నా అలాగే అనేవాడని, ఏడవకుండా పెట్టేయడానికి అదొక సాకు అని అమ్మ అనేది.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు జలదరించలేదు. పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. స్వప్న నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఈమెకు తెలుగెట్ల వస్తది? మనోళ్ళ లెక్కనే మాట్లాడ్తాంది గదా" అంది.

అంటే విన్నది నేనొక్కదాన్నే కాదు.

తరువాత నాకు తోచిన దారులన్నీ వెతికాను. ఒమన్‌లో చాలా ఇళ్ళలో తెలుగు పనిమనుషులుంటారు కాబట్టి వాళ్ళ దగ్గర విని ఉంటుందనుకున్నాను. కొడుకును అడిగితే, వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ పనిమనిషి లేదన్నాడు. తల్లి ఊరు దాటి రావడమే ఇది మొదటిసారట. డాక్టర్‌ను అడిగాను. మత్తులో ఉన్నవాళ్ళు చెవిన పడ్డ మాటలు తిప్పి అనడం ఉంటుందన్నాడు, వార్డులో నర్సులు తెలుగే మాట్లాడతారు కదా అన్నాడు. అది నిజమే కావచ్చు. కానీ ఆ వార్డులో రీఛార్జి కార్డు గురించి ఎవరు మాట్లాడతారు? గొంతు కూడా ముసలామెదే, మగ గొంతు కాదు. అది కూడా చెప్పాలి కదా.

ముసలామె కోలుకుంది. ఆమెకేమీ గుర్తులేదు. నడవడం మొదలెట్టాక నన్ను పిలిచి హల్వా పెట్టింది, నా చెంపలు నిమిరింది. ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాను. అక్కడ ఆమె తప్ప ఎవరూ లేరు. హల్వా తిన్నాను, రుచి తెలియలేదు.

అమ్మకు చెప్పాలా వద్దా అని ఎక్కువ ఆలోచించలేదు. ఎవరెవరివో మాటలు రోజంతా మోస్తాను, ఆమెకు రావాల్సిన మాట ఆపడానికి నేనెవర్ని? ఆ గదిలో అది జరిగిన సాయంత్రమే, అమ్మ హాస్టల్ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే చెప్పాను. వరుసగా, ఒక్క మాట వదలకుండా. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె టవలుతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నది.

"మరి నువ్వేమన్నవ్?" అని అడిగింది.

"నేనేమంటనే. ఆ కొడుకు అన్నదే తెలుగుల అన్న. నిన్ను ఈడ ఇడిసిపెట్టం, ఇంటికి తీస్కపోతమని."

"ఆయన ఇన్నడా?"

"ఆ ముసలామె ఇన్నది."

"ఇని సరే అన్నడు గదా?"

"అమ్మా, అవి నా మాటలు గావే. ఆ కొడుకు వాళ్ళమ్మకు జెప్పుకున్నయ్."

అమ్మ టవలు దండెం మీద వేసింది. దాని అంచులు సరిచేసింది. "ఎవ్వలియైతేంది బిడ్డా. నీ నోట్లెకెల్లే గదా పోయినయ్. తీస్కొస్తమని జెప్పినంక తీస్కరావాలె" అంది. ఆ తర్వాత అన్నం వండడానికి లోపలికి వెళ్ళింది.

చిన్నాయినకు తెలిసినప్పుడు, ఇప్పుడైనా కూడిక పెట్టుకోవచ్చు కదా అన్నాడు. అమ్మ మనిషిని తీసుకొచ్చాకే అంది. బతికున్న మనిషా కాదా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. తీసుకొచ్చాకే అన్నదానికి ఆయనా ఒప్పుకోవడంతో ఇంతకాలం తెగని పేచీ అక్కడికి తెగిపోయింది. నాకు ఆ రాత్రి కొంచెం ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి నేను ఫోన్ చేసే చోట్లు మారాయి. మంద యజమానులకూ కంపెనీలకూ మానేసి, సలి పెడుతోందన్న మాట పట్టుకుని సౌదీలోని ఆస్పత్రుల మార్చురీలకు చేస్తున్నాను. క్లాసు లేని మధ్యాహ్నాలు అదే పని. చాలామంది పెట్టేస్తారు. కొంతమంది మీ ఎంబసీని అడుగు అంటారు.

మొన్న ఒక చిన్న పట్టణంలోని ఆస్పత్రిలో ఫోనెత్తినాయన మాత్రం ఓపిగ్గా మాట్లాడాడు. నాయిన పేరు, వయసు, ఎత్తు, ఎడమ చేతి మీది పాత మచ్చ గురించి అన్నీ అడిగాడు. చూసి చెప్తానన్నాడు. ఫోన్ పెట్టబోతూ ఆగి, మెల్లగా ఇంకొకటి అడిగాడు. "అమ్మాయీ, ఆయన చనిపోయాడని మీకెవరు చెప్పారు?"

ఆయన అన్న ప్రతి మాటా నాకు అర్థమైంది. పక్కనే కూర్చున్న అమ్మ "ఏమంటుండు?" అని అడిగింది. ఆయన ప్రశ్నను ఆమెకు తెలుగులో చెప్పాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన లైనులోనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు, పడుకున్న చోటి నుంచి లేవలేకపోతున్నానని మాత్రం కబురొచ్చింది అని ఆయనకు అరబిక్‌లో చెప్పాను.